వెనక గోడ కట్టినవాడు

పోయిన వానాకాలం తిమ్మప్పను ఆయన సొంతూరు గట్టులో మట్టి చేసి, తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. నాకు కాస్త అవతల ఒక ఇంజనీరు ఉన్నాడు. నాగర్‌కర్నూల్ వైపు మిల్లులో కొత్తగా చేరినవాడు. మిల్లు తరఫున దండ పట్టుకొని వచ్చాడు. పోయినాయన ఎవరని పక్క మనిషి అడిగితే, "బట్టీ మేస్త్రి. ఎనకట వనపర్తిల బాయిలర్ వెనక గోడ రాలిపోయింది సూడు, అది గట్టింది ఈయననే నంట" అన్నాడు.

ఆ మాటలో ద్వేషం లేదు. తాను విన్నది చెప్పాడు. అతను బడికి కూడా పోని వయసులో జరిగిన సంగతి అది. ఎవరో అతని దాకా చేర్చారు. నేను అతన్ని పిలిచి, ఎదురు హోటల్లో టీ తాగించి, జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. సగంలో బస్సు వచ్చింది. మిగతా సగం అతనికీ, అతనిలాగా బాయిలర్ పనిలోకి వచ్చేవాళ్లకూ చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆ గోడ ఎందుకు రాలిందో దగ్గరుండి చూసినవాళ్లం ముగ్గురం. మా ఫోర్‌మన్ షరీఫ్ సాబ్ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు తిమ్మప్ప పోయాడు. మిగిలింది నేను. నాకు చదివే అలవాటుంది గానీ రాసే అలవాటు లేదు. చదవగా తెలిసింది ఒకటుంది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మాటలు ఎక్కువైతే మనిషి కనపడకుండా పోతాడు. అందుకని పని గురించే రాస్తాను. వాళ్లు అందులోనే ఉన్నారు.

మంటకు ఇవతల

గద్వాలలో పల్లీ నూనె మిల్లులో ఫైర్‌మన్‌గా మొదలయ్యాను. అక్కడ పల్లీ పొట్టు కాల్చేవాళ్లం. తరువాత వనపర్తి దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లుకు వచ్చి, బాయిలర్ పరీక్షలు పాసై, అక్కడే రిటైర్ అయ్యాను. మధ్యలో హోదాలు మారాయి. పని మారలేదు కాబట్టి వాటి గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

కొత్తవాళ్లు ఎప్పుడూ మంట గురించి అడుగుతారు. ఊక ఎంత వేయాలి, గాలి ఎంత వదలాలి, ఆవిరి ఎంతసేపట్లో లేస్తుంది అని. అవి తొందరగానే వచ్చేస్తాయి. ఊక తనంతట తానే కాలుతుంది. మన పని దాన్ని కాల్చడం కన్నా, ఆ వేడిని ఉండాల్సిన పక్కన ఉంచడం. బట్టీ లోపల ఇనుము మెత్తబడేంత వేడి ఉంటుంది. ఇవతల ఒక మనిషి బనీను వేసుకొని నిలబడి ఊక నెడుతుంటాడు. ఆ వేడికీ అతనికీ మధ్య ఉన్నది మంటను తట్టుకునే గోడ, ఆ గోడకు బయట ఉక్కు ప్లేటు. అంతే. గోడ బాగున్నంత కాలం ప్లేటు గోరువెచ్చగానో, కొంచెం సుర్రుమనేటట్టో ఉంటుంది. గోడ లోపల పాడైతే మొదట ప్లేటు మీది రంగు పొక్కులు లేస్తుంది. తరువాత ప్లేటే ఉబ్బుతుంది. ఆ తరువాత ఏమవుతుందో చూద్దామని ఆగకూడదు.

"బాయిలర్ వేడెక్కింది సాబ్" అని ఎవరైనా ఉరికి వస్తే షరీఫ్ సాబ్ నవ్వేవాడు. "బాయిలర్ వేడి గాక సల్లగుంటదారా? యాడ వేడెక్కింది, అది జెప్పు" అనేవాడు. ఆ ఒక్క ప్రశ్నలో ఈ పనంతా ఉందని నాకు తరువాత అర్థమైంది.

షరీఫ్ సాబ్ పొడవాటి మనిషి. గడ్డం తెల్లబడ్డా దువ్వుకోవడం మానలేదు. జేబులో చిన్న దువ్వెన, గుండ్రటి అద్దం ఉండేవి. డ్యూటీ ఎక్కగానే టీ కన్నా ముందు బట్టీ చుట్టూ ఒక తిరుగు తిరగాలని ఆయన నియమం. నేను మొదటిరోజు ప్లేటు మీద అరచేయి పెట్టబోతే చేయి పట్టుకొని ఆపాడు.

"అరచెయ్యి కాదు. చెయ్యి ఎనకకెల్లి సూడు, దగ్గరకు తీసుకపో, తాకకు. అరచెయ్యి గాలితె రొట్టె ఎట్ల తుంచుతవ్?"

ఇప్పుడు మీ దగ్గర వేడి కొలిచే తుపాకీలు ఉన్నాయి. మంచివే, వాడండి. కానీ అది మీరు గురిపెట్టిన చోటు సంగతే చెబుతుంది. చేయి మీతోపాటు ప్లేటు పొడవునా నడుస్తుంది. రెండూ ఉంచుకోండి.

చీకట్లో కూర్చోవడం

తిమ్మప్ప గట్టు మనిషి. అటు అవతల కన్నడం మొదలవుతుంది కాబట్టి ఆయన మాటలో అదీ ఇదీ కలిసేవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మిల్లుల్లో బట్టీ గోడ అంటే ఆయన్నే పిలిచేవాళ్లు. అణకువ గల మనిషి కాదు. ఇస్త్రీ తెల్ల చొక్కాతో వచ్చి, మిల్లు గేటు దగ్గర అందరూ చూశాక, లోపల లుంగీలోకి మారేవాడు. తన పని గురించి తానే గొప్పగా చెప్పుకునేవాడు. ఇంకొక మేస్త్రి పేరు ఎత్తితే చాలు, "ఆయన గోడ గట్టడు తమ్మీ, ఇటుకలను నిలవెట్టి దండం వెడతడు, పడకుండ్రి అని" అనేవాడు. టీలో చక్కెర తక్కువైతే పని ఆపేవాడు. సాబ్‌కూ ఆయనకూ దినం తప్పకుండా జగడమే. ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు కూడా. తిమ్మప్ప ఇంటి నుంచి జొన్న రొట్టె, పల్లీల కారం తెచ్చేవాడు. సాబ్ భోజనం డబ్బా విప్పకుండా దాని కోసమే కాచుకునేవాడు.

గోడ పూర్తయ్యాక, బయటి ప్లేట్లు బోల్టులతో బిగించక ముందు, తిమ్మప్ప ఒక పని చేసేవాడు. బట్టీ నోటికి గోనె పట్టాలు కట్టించి, లోపలికి పాక్కుంటూ పోయి చీకట్లో కూర్చునేవాడు. నన్నూ రమ్మనేవాడు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఇద్దరం కదలకుండా కూర్చొని గోడల వంక చూసేవాళ్లం. ఎక్కడైనా సూది మొనంత వెలుతురు కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్టు.

"వెలుగొచ్చే తోవ మంటకు దెల్వదా?" అనేవాడు.

బయట అంత మాట్లాడే మనిషి లోపల మాట్లాడేవాడు కాదు. నేనేమైనా అనబోతే "సుమ్నె ఉండు తమ్మీ" అని ఊరుకోబెట్టేవాడు. తడి మట్టి వాసన వచ్చేది. బయట హమాలీల కేకలు ఎక్కడో దూరంగా వినిపించేవి. నా ఉద్యోగంలో నేను ప్రశాంతంగా ఉన్నది ఎప్పుడని ఎవరైనా అడిగితే, కాలని బట్టీలో తిమ్మప్ప పక్కన కూర్చున్నప్పుడని చెబుతాను.

పటాకులు

గోడ రాలిన ఏడు ఎండాకాలం వనపర్తి మిల్లు ఆపి పాత గోడలు తీసేశాం. పక్క గోడలు ఇటుకతో, వెనక గోడ పోతతో కట్టాలని అనుకున్నాం. పోత అంటే మంటను తట్టుకునే పొడిని నీళ్లతో కలిపి, చట్రానికి బిగించిన ఉక్కు కొక్కేల చుట్టూ కాంక్రీటు లాగా పోస్తారు. తిమ్మప్ప పొడి కలపడం నేను దగ్గరుండి చూశాను. చీకట్లో కూర్చొని కూడా చూశాను. ఎక్కడా వెలుతురు లేదు.

కొత్త గోడలో నీళ్లుంటాయి. పైకి ఎండినట్టు కనిపించినా లోపల ఉంటాయి. అందుకని మొదట చిన్న కట్టెల మంట పెట్టి, రోజుల తరబడి మెల్లగా ఆరబెట్టాలి. వేడి ఒక్కసారి పెంచితే లోపలి నీళ్లు ఆవిరై, బయటికి వచ్చే తోవ లేక గోడను చీల్చుకొని వస్తాయి. నీళ్లు పోయాయా లేదా అని చూడడానికి ప్లేటులో చిన్న రంధ్రాలు వదులుతారు. షరీఫ్ సాబ్ తన గడ్డం అద్దాన్ని ఆ రంధ్రం దగ్గర పెట్టేవాడు. అద్దం మసకబారితే ఇంకా నీళ్లున్నట్టు. మసక రానినాడు మంట పెంచవచ్చు.

మా మిల్లు యజమానిని సేటు అనేవాళ్లం. పేరు రాయను. ఆయన కూడా లేడు. చెడ్డవాడేమీ కాదు. పండుగకు ఫైర్‌మన్లందరికీ బట్టలు పెట్టేవాడు, ఎవరికి జబ్బు చేసినా దవాఖానకు తన జీపు పంపేవాడు. కానీ ముహూర్తం దాటితే ఆయనకు నిద్ర పట్టదు. ఆ ఏడు మిల్లు మొదలుపెట్టడానికి అలంపూర్ నుంచి అయ్యగారిని పిలిపించి ముహూర్తం పెట్టించాడు. ఆ గడియలో ఆవిరి కూత వినపడాలన్నాడు. గోడ ఆరబెట్టడం అప్పటికి సగం కూడా కాలేదు.

షరీఫ్ సాబ్ ముహూర్తం ముందురోజు సేటును బట్టీ దగ్గరికి పిలిచి అద్దం పెట్టి చూపించాడు. మసక పట్టింది. తిమ్మప్ప పక్కనే ఉండి, పెద్ద మంట పెడితే తన గోడకు తాను జవాబు చెప్పనన్నాడు. సేటు ఇద్దరి మాటా విన్నాడు. విని, ముహూర్తం మళ్లీ రెండు నెలల దాకా లేదన్నాడు. వడ్లు వస్తున్నాయన్నాడు. అప్పటికే ట్రాక్టర్లు గేటు బయట నిలబడి ఉన్నాయి. అది కూడా అబద్ధం కాదు.

మరునాడు పొద్దున మంట పెంచాం. కొబ్బరికాయ కొట్టారు. కూత వేశాం. అప్పుడే బట్టీ లోపల నుంచి టప్ టప్ మని చప్పుళ్లు మొదలయ్యాయి. సేటు సంతోషంగా అందరి వంకా చూశాడు.

"సూసిండ్రా, మా బట్టీ గూడ పటాకులు గాలుస్తుంది" అన్నాడు.

వచ్చినవాళ్లు నవ్వారు. షరీఫ్ సాబ్ అద్దం జేబులో పెట్టుకొని బయటికి వెళ్లిపోయాడు. తిమ్మప్ప ప్రసాదం తీసుకోకుండా గేటు దాకా పోయి, మళ్లీ వచ్చి, ఆ వెనక గోడ ప్లేటు ఎదుట కొంచెంసేపు నిలబడి, అప్పుడు పోయాడు.

పసుపు బొట్లు

మా మిల్లులో దసరా నాడు బట్టీకి పసుపు బొట్లు పెట్టే ఆనవాయితీ ఉండేది. ఫైర్‌మన్ల ఇళ్లలోని ఆడవాళ్లు వచ్చి పెట్టేవాళ్లు. నా భార్య వచ్చేది, క్రైస్తవులైన ఫైర్‌మన్ల ఇళ్లవాళ్లు కూడా వేడుక చూడడానికి వచ్చేవాళ్లు. ముందు తలుపుకు పెట్టి ఊరుకోకుండా, నలుపక్కలా, ప్లేటు కింద నుంచి చేయి అందినంత ఎత్తు దాకా బొట్లు పెట్టేవాళ్లు. ఆ పసుపు చాలా వారాలు ఉండేది.

ఆ ఏడు దసరా వెళ్లిన కొన్నాళ్లకు, పొద్దున తిరుగు తిరుగుతుంటే వెనక ప్లేటు మీద ఒక బొట్టు గోధుమ రంగుకు మారి కనిపించింది. చుట్టుపక్కల ఉన్నవి పచ్చగానే ఉన్నాయి. చేయి వెనక వైపు దగ్గరికి తీసుకుపోతే మూరెడు దూరంలోనే సెగ తగిలింది. సాబ్‌ను పిలిచాను. ఆయన చూసి, "పటాకులు గుర్తున్నయా?" అని మాత్రం అన్నాడు. తరువాత వారానికి ఆ బొట్టు నల్లబడింది. పక్క బొట్టు గోధుమ రంగైంది.

దీన్ని చూసి నేను నేర్చుకున్నది తరువాత ప్రతి మిల్లులో వాడాను. వేడి మచ్చ ఎంత ఉందన్న దాని కన్నా, పెరుగుతుందా నిలిచిందా అన్నది ముఖ్యం. సున్నంతో దాని చుట్టూ గీత గీయండి. గీత దాటితే ఆలస్యం చేయకండి.

ఇక్కడే రెండో తప్పు జరిగింది. మీలో చాలామంది ఇదే చేస్తారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. సేటు వచ్చి చూసి, అంత వేడి ఊరికే బయటికి పోతుందని బాధపడ్డాడు. పైగా పక్కన తిరిగేవాళ్లకు కాలుతుందన్నాడు. ఆ చోట గాజు ఉన్ని కప్పించి, పైన మెరిసే రేకు బిగించాడు. చేయి పెడితే చల్లగా ఉంది. చూపు కూడా బాగుంది. బియ్యం కొనడానికి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు.

చల్లబడింది రేకు. దాని కింద ప్లేటు కాదు. గోడ రాలిన చోట ఆ ప్లేటును కాపాడుతున్నది బయటి గాలి ఒక్కటే. కప్పేసరికి ఆ గాలి కూడా అందకుండా పోయింది. వేడి అటు పోలేక ప్లేటులోనే, కొక్కేల్లోనే నిలిచిపోయింది. జ్వరం వచ్చినవాడికి గొంగళి మీద గొంగళి కప్పినట్టు. వేడి మచ్చను ఎప్పుడూ కప్పకండి. నీళ్లు కూడా కొట్టకండి. కాలిన ఉక్కు మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. గాలి తగలనివ్వండి, మంట తగ్గించండి, ఆపే రోజు చూసుకోండి. మనుషులను అటు తిరగనివ్వకండి.

సాబ్ రేకు తీయించమని మూడు పర్యాయాలు అడిగాడు. సేటు సీజన్ అయిపోనీ అన్నాడు.

ఆపిన రోజు

ఒకనాడు మధ్యాహ్నం నేను మూలన కూర్చొని, చెంప షెడ్డు గోడకు ఆనించి, ప్లేటు పొడవునా చూపు సారించాను. దారం పట్టినట్టు సాఫీగా ఉండాల్సిన రేకు మధ్యలో కొంచెం లేచి ఉంది. రేకు తనంతట తాను లేవదు. కింద ప్లేటు ఉబ్బి దాన్ని నెడుతోంది. ఆ పక్కన ఊక నెట్టే డ్యూటీలో ఉన్నవాడు యేసోబు, పెళ్లయి ఏడాది కాని మనిషి. ఉబ్బిన చోటుకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అతన్ని పిలిచి ఇవతలికి తెచ్చాను. సాబ్ వచ్చి చూసి, ఊక ఆపమన్నాడు.

ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ ఆపడం అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ట్యాంకుల్లో వడ్లు నానుతుంటాయి. సమయానికి ఆవిరి పట్టకపోతే పులిసి వాసన వస్తాయి. ఆ రోజు ట్యాంకులన్నీ నిండుగా ఉన్నాయి. సేటు ఆఫీసులోంచి ఉరికి వచ్చాడు. ఆయన కోపం చూసి మేమందరం పక్కకు జరిగాం.

"షరీఫ్ భాయ్, నా వడ్లు ముఖ్యమా, నీ ప్లేటు ముఖ్యమా?"

"వడ్లూ గాదు, ప్లేటూ గాదు సేటూ. దాని ముంగట నిలవడేటోడు" అన్నాడు సాబ్. గొంతు పెంచలేదు. "మీరు నిలవడుతనంటే జెప్పుండ్రి, నడిపిస్త."

సేటు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆపడం కూడా ఒక పనే. ఊక ఆగినా గోడల్లో వేడి ఉంటుంది, అది నీళ్లను మరిగిస్తూనే ఉంటుంది. అందుకని మంట ఆరింది కదా అని నీళ్లు వదిలేయకూడదు. గాజు గొట్టంలో మట్టం చూస్తూ పంపు నడపాలి. తలుపులు బార్లా తెరవకూడదు, చల్లగాలి ఒక్కసారి కొడితే మంచి గోడ కూడా పగులుతుంది. మేము ఓపికగా చల్లార్చాం. వడ్లు పులిశాయి. ఆ వాసన మిల్లులో ఎన్నో రోజులు ఉంది. ఇప్పటికీ ఎక్కడైనా పులిసిన గింజల వాసన తగిలితే నాకు సాబ్ గొంతు వినిపిస్తుంది.

కాగితాల మీది బరువు

తెరిచి చూస్తే వెనక గోడలో పెద్ద తలుపంత మేర ముఖం ఊడిపోయి, కొక్కేలు కాలి వంకరపోయి ఉన్నాయి. సేటు చూసిన వెంటనే తీర్పు చెప్పాడు. తిమ్మప్ప పొడి సరిగా కలపలేదన్నాడు. మిల్లర్లందరూ కలుసుకునే చోట అదే చెప్పాడు. అది చాలు. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా తిమ్మప్పను పిలిచేవాళ్లు లేకపోయారు. తెల్ల చొక్కా మనిషి రాయచూరు వైపు పోయి ఇళ్లకు ఇటుకలు పేర్చాడు.

షరీఫ్ సాబ్ రాలిన ముక్కలు ఏరి, రెండింటిని సేటు బల్ల మీద పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. పొడి సరిగా కలవకపోతే గోడ ఇసుక లాగా చేతిలో నలిగిపోతుంది. ఈ ముక్కలు సుత్తితో తడితే ఖణేల్‌మన్నాయి. పెచ్చులు పెచ్చులుగా పైముఖం మాత్రమే లేచింది. అంటే లోపలి ఆవిరి నెట్టింది. మెల్లగా ఆరబెట్టి ఉంటే ఇలా కాదు. సాబ్ ఇదంతా నిదానంగా చెప్పాడు. సేటు ముక్కను చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు. దాన్ని అక్కడే, రెపరెపలాడుతున్న కాగితాల మీద పెట్టాడు. ఆయన ఉన్నన్నాళ్లూ అది ఆ బల్ల మీదే ఉంది. కాగితాల మీద బరువుగా.

ఆయనకు అర్థం కాలేదని నేను ఎప్పుడూ అనుకోలేదు.

పట్నం నుంచి ఇంకొక మేస్త్రిని పిలిపించి గోడ పోయించారు. ఆ గోడకూ సరిగా ఆరకముందే, ముహూర్తం నాడే పెద్ద మంట పెట్టారు. మళ్లీ చప్పుళ్లు వచ్చాయి. ఈసారి పటాకుల మాట ఎవరూ అనలేదు. సీజన్ ముగిసేలోపే వెనక ప్లేటు మీద మళ్లీ వేడి మచ్చ లేచింది.

అయ్యగారి మాట

మరుసటి ఎండాకాలం సేటు జీపు గట్టుకు పంపాడు. తిమ్మప్ప వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతోనే. గోడ కడతానన్నాడు. ఆరబెట్టడం మాత్రం తన ఇష్టమన్నాడు, తాను చెప్పేదాకా పెద్ద మంట లేదన్నాడు. సేటు ముహూర్తం సంగతి ఏం చేయాలని తల పట్టుకున్నాడు. ఇద్దరూ పంతం మీదున్నారు. అప్పుడు షరీఫ్ సాబ్, ఇది మనలో మనం తేల్చుకునేది కాదు, అలంపూర్ అయ్యగారినే అడుగుదామన్నాడు.

అయ్యగారు వచ్చి ఇద్దరూ చెప్పింది విన్నాడు. సన్నగా, నవ్వు మొహంతో ఉండే పెద్దమనిషి. అద్దం సంగతి ఆయనకు భలే నచ్చింది. తానే పెట్టి చూశాడు. తరువాత సేటుతో, "నేను ముహూర్తం పెట్టేది అగ్గి పుట్టడానికి. అది పెరగడానికి ముహూర్తం ఎందుకు సేటూ? పిల్ల పుట్టిన గడియ చూస్తాం గానీ నడిచే గడియ చూస్తామా?" అన్నాడు.

తిమ్మప్ప ఊరుకోకుండా, "గీ మాట పోయినేడాది జెప్పుంటె రాయచూర్ల బొంబాయి రవ్వ తిని బతికే తిప్పలు తప్పుతుండె నాకు" అన్నాడు. అయ్యగారు, "పోయిన ఏడు నన్నెవరు అడిగారు?" అన్నాడు.

ఆ ఏడు ముహూర్తానికి ఒక చిన్న కట్టెల మంట పెట్టాం. కొబ్బరికాయ దానికే కొట్టాం. తిమ్మప్ప నులక మంచం తెచ్చుకొని బట్టీ ఎదుటే పడుకున్నాడు. సాబ్ అద్దం మసక పట్టనినాడు ఆయన లేచి, చొక్కా వేసుకొని, ఇంక పెంచుకోండి అని వెళ్లిపోయాడు. ఆ తరువాత మా మిల్లులో ముహూర్తం చిన్న మంటకే. చుట్టుపక్కల మిల్లులు కూడా అదే పద్ధతి పట్టాయి, ఎక్కడ మొదలైందో తెలియకుండానే.

సేటు తిమ్మప్పను మళ్లీ పిలిచాడు గానీ, తాను అన్న మాట తప్పని ఎవరితోనూ అనలేదు. మొదటి మాట పదిమందిలో అన్నాడు. రెండోది తన బల్ల మీద ఉంచుకున్నాడు.

తెలకపల్లి నుంచి వస్తూ

కొన్నేళ్ల తరువాత తెలకపల్లి దగ్గర ఒక మిల్లులో పక్క గోడ బయటికి ఒంగిందంటే తిమ్మప్పా నేనూ పోయాం. వేడికి ఇటుక పెరుగుతుంది కాబట్టి గోడలో అక్కడక్కడ కావాలనే సందు వదిలి, మంటను తట్టుకునే తాడుతో నింపుతారు. అక్కడి మేనేజరు శుభ్రం మనిషి. సందులు చూసి మేస్త్రి మరిచిపోయాడనుకొని, అన్నింటినీ సిమెంటుతో నున్నగా పూడ్పించాడు. పెరగడానికి చోటు లేక గోడ ప్లేటును నెట్టింది. తిమ్మప్ప ఆయన్ను ఏమీ అనలేదు. "సారు ఇల్లు మస్తు సాఫ్‌గ ఉంటది గావచ్చు" అన్నాడు, అంతే. సందులు తవ్వి తీశాం.

తిరిగి వస్తూ దారిలో టీ తాగాం. ఆ మిల్లులో ఎవరో ఆయన్ను చూసి, వనపర్తి గోడ మేస్త్రి అని గుసగుసలాడడం ఇద్దరమూ విన్నాం. నేను ఆగలేక, సేటు దగ్గరికి పోయి ఆ మాట వెనక్కి తీసుకోమని అడుగుదామన్నాను. తిమ్మప్ప నవ్వాడు.

"గోడ నిలవడ్డది గదా తమ్మీ. ఇంగ సేటు నోట్లకెల్లి మాట ఇప్పాలంటే గడ్డపార వెట్టాల్నా?"

గ్లాసు కింద పెడుతూ, నా వంక చూడకుండా, "నువ్వు సూసినవ్ గదా. ఎవలన్న అడిగితె జెప్పు" అన్నాడు.

"చెప్తనన్నా" అన్నాను.

ఆ తరువాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నన్ను అడిగినవాళ్లందరికీ నేను చెప్పాను. అడిగినవాళ్లు తక్కువ. విన్న మాటతోనే సరిపెట్టుకున్నవాళ్లు ఎక్కువ.

చివరి తిరుగు

ఈ ఎండాకాలం ఆ మిల్లు పాత బాయిలర్‌ను తీసేశారు. సేటు మనవడు కొత్తది తెప్పించాడు. నాకు ఫోన్ చేసి, ఒకసారి చూసుకుంటారా అని అడిగాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు.

నేను పోయేసరికి బోల్టులు విప్పి బయటి ప్లేట్లన్నీ తీసి గేటు దగ్గర పేర్చారు. చట్రం, గోడలు మిగిలాయి. నేను ఆ మనవడిని అడిగి, బట్టీ నోటికి రెండు పట్టాలు కట్టించి లోపలికి పోయాను. ఈ మోకాళ్లతో కొంచెంసేపు పట్టింది. కూర్చున్నాను. కళ్లు అలవాటు పడ్డాక పక్క గోడల్లో అక్కడక్కడ వెలుతురు చుక్కలు కనిపించాయి. వాటిని మధ్యలో రెండుసార్లు వేరేవాళ్లు మార్చారు. తిమ్మప్ప రెండోసారి కట్టిన వెనక గోడ వైపు తిరిగాను. అన్ని సీజన్ల మసి పట్టి నల్లగా ఉంది. ఎంతసేపు చూసినా ఎక్కడా చుక్క లేదు. ఆయన చెప్పినట్టే మాట్లాడకుండా కూర్చున్నాను.

బయటికి వచ్చాక కూల్చడం మొదలుపెట్టారు. పక్క గోడలు మధ్యాహ్నానికల్లా దిగిపోయాయి. వెనక గోడ దగ్గర పని ఆగింది. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచాయి గానీ పెచ్చు లేవలేదు. కాంట్రాక్టరు చెమట తుడుచుకుంటూ నేను కూర్చున్న నీడకు వచ్చాడు.

"ఎవలు గట్టిండ్రు సార్ దీన్ని? గడ్డపారకు లొంగుతలేదు."

"గట్టు తిమ్మప్ప" అన్నాను.

"ఫోన్ జేసి పిలిపియ్యుండ్రి. కట్టినోడే వచ్చి ఇప్పాలె."

"లేడు. పోయిన వానాకాలం పోయిండు."

అతను పనివాళ్ల వైపు తిరిగి కేకేశాడు. "అగో, గట్టు తిమ్మప్ప గోడ నంట. జర గట్టిగ గొట్టుండ్రి."

సాయంత్రం దాకా వాళ్లు ఆ పేరు పెట్టే తిట్టారు. తిమ్మప్ప గోడ కదలట్లేదు, తిమ్మప్ప గోడకు ఇంకో గడ్డపార తే, తిమ్మప్ప గోడతో చేతులు పోయినయ్. నేను నీడలో కూర్చొని అంతా విన్నాను. అన్నీ అయిపోయాక లేచి, ఖాళీ చట్రం చుట్టూ అలవాటు కొద్దీ ఒక తిరుగు తిరిగి, ఇంటికి వచ్చాను.